బేస్‌మెంట్ గాలి, బొగ్గు డబ్బా, పోస్టు కవరు: అయోవా పల్లెలో మా రేడాన్ డైరీ

అక్టోబర్ 11, శనివారం

అమ్మ పులివెందుల నుంచి వచ్చి పది రోజులైంది. ఆరు నెలలు ఉంటుంది. మా ఇంట్లో పైన రెండే పడకగదులు. అందుకే బేస్‌మెంట్‌లో ఉన్న గదిని ఆమెకు సర్దాం. కింద కార్పెట్, కొత్త పరుపు, గోడవార చిన్న పూజ మందిరం. "ఈడ నిశ్శబ్దంగా ఉంది పాపా, నిద్ర బాగా పడతాంది" అని అమ్మ సంబరపడింది.

ఈ రోజు మధ్యాహ్నం మా వీధి చివరింటి పెద్దావిడ అమ్మను చూడటానికి వచ్చింది. రిటైరైన టీచర్. జన్మలో ఒక్క సిగరెట్టూ ముట్టలేదు. పోయిన వేసవిలో ఆమెకు ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. అమ్మ తన గది చూపిస్తానని చేయి పట్టుకుని కిందికి తీసుకెళ్లింది. పైకి వచ్చాక పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి అడిగింది ఒకటే మాట: ఈ గదిలో రేడాన్ టెస్ట్ చేశారా?

చేయలేదు. పక్క పట్టణం ఆసుపత్రి ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, ఈ ఇల్లు కొని నాలుగేళ్లయింది, అయినా చేయలేదు. కొనేటప్పుడు ఇన్‌స్పెక్షన్ చేసినతను అడిగాడు, దానికి ఖర్చు వేరే అన్నాడు, వద్దన్నాం. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

ఆమెకు జబ్బు రేడాన్ వల్లే వచ్చిందని ఎవరూ తేల్చి చెప్పలేరు. ఒక మనిషి విషయంలో అలా చెప్పడం కుదరదు. కానీ ఆమె ఇంట్లో కొలిపిస్తే చాలా ఎక్కువ వచ్చిందట. ఆ ఇంట్లో ఆమె నలభై ఏళ్లు ఉంది.

రాత్రి పిల్లలు పడుకున్నాక కూర్చుని చదివాను. తెలిసిన విషయమే, కానీ మన ఇంటి గురించి అనుకుని చదివితే వేరేగా ఉంటుంది. నేలలో ఉండే యురేనియం క్షీణిస్తూ క్షీణిస్తూ రేడియం అవుతుంది, రేడియం నుంచి రేడాన్ అనే రేడియోధార్మిక వాయువు పుడుతుంది. రంగు లేదు, వాసన లేదు. బయట గాలిలో కలిసిపోతే పెద్ద ఇబ్బంది లేదు. ఇంట్లో చిక్కుకుంటేనే తంటా. అది విరిగి పొలోనియం అవుతుంది. ఆ కణాలు ఊపిరితో లోపలికి వెళ్లి అతుక్కుని, అక్కడే ఆల్ఫా కిరణాలు వదులుతాయి. అమెరికాలో ఏటా సుమారు 21 వేల మంది రేడాన్ వల్ల వచ్చే ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో చనిపోతున్నారని ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ అంచనా. పొగతాగడం తర్వాత రెండో కారణం ఇదే. పొగతాగని వాళ్లలో అయితే ఇదే మొదటిది.

ఇక అయోవా. రాష్ట్రంలో 99 కౌంటీలు ఉంటే, ఈపీఏ రేడాన్ మ్యాపులో 99కి 99 ఎర్ర రంగే, అంటే ముప్పు అన్నిటికన్నా ఎక్కువున్న వర్గం. కారణం మంచు. వేల ఏళ్ల కిందట కెనడా వైపు నుంచి దిగిన హిమానీనదాలు అక్కడి రాళ్లను పిండి చేసి తెచ్చి ఇక్కడ పరిచాయి. మా ఉత్తర మధ్య అయోవా నుంచి ఆ మంచు చివరిసారి వెనక్కి తగ్గింది సుమారు 14 వేల ఏళ్ల కిందట. మొక్కజొన్న ఇంత ఏపుగా పెరగడానికి కారణమైన ఆ మట్టిలోనే, పిండైన ఆ రాళ్లలోని యురేనియం, రేడియం కూడా ఉన్నాయి.

అమ్మకు చెబితే వెంటనే అడిగింది: "మన తుమ్మలపల్లెలో తవ్వుతాండారే, ఆ యురేనియమేనా?" అదే అన్నాను. "మరి మన ఊర్లో ఈ మాట ఎవరూ అనలేదే?" అంది. మన పాత ఇళ్లకు బేస్‌మెంట్లు లేవు, పగలంతా తలుపులు, కిటికీలు తెరిచే ఉంటాయి, గాలి ఆడుతూ ఉంటుంది అన్నాను. ఇక్కడ ఏడాదిలో సగం రోజులు ఇల్లు మూతపెట్టిన కుండే.

అక్టోబర్ 18, శనివారం

కౌంటీ ఆరోగ్య కార్యాలయం నుంచి పది డాలర్లకు ఒక కిట్ తెచ్చాను. అరచేతిలో పట్టే గుండ్రటి డబ్బా, లోపల యాక్టివేటెడ్ బొగ్గు, పైన టేపు. టేపు తీసి పెడితే గాలిలోని రేడాన్‌ను బొగ్గు పట్టుకుంటుంది. రెండు నుంచి నాలుగు రోజుల తర్వాత మళ్లీ టేపు వేసి, మొదలుపెట్టిన టైము, ముగించిన టైము రాసి ల్యాబ్‌కు పోస్టు చేయాలి.

పెట్టే చోటుకు లెక్క ఉంది. ఇంట్లో మనుషులు మెలిగే అన్నిటికన్నా కింది అంతస్తులో పెట్టాలి. నేల నుంచి కనీసం 20 అంగుళాల ఎత్తు, కిటికీలకూ బయటి తలుపులకూ మూడడుగుల దూరం. వంటగది, బాత్రూమ్, బట్టలుతికే గది పనికిరావు. ముందు 12 గంటల నుంచి, టెస్ట్ అయ్యేదాకా కిటికీలన్నీ మూసే ఉంచాలి. అమ్మ మంచం పక్క స్టూలు మీద పెట్టాను.

అక్టోబర్ 29, బుధవారం

ల్యాబ్ నుంచి మెయిల్: శాంపిల్ చెల్లదు, ఆలస్యంగా చేరింది.

తప్పు నాదే. మంగళవారం డబ్బాకు టేపు వేసి, కవరులో పెట్టి, కారు సీటు మీద పెట్టుకున్నాను. మా ఊరి పోస్టాఫీసు రోజుకు నాలుగు గంటలే తెరుస్తారు, ఆ టైముకు నేను డ్యూటీలో ఉంటాను. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఐదు రోజులు కారులోనే ఉండిపోయింది. రేడాన్ అర్ధాయువు 3.8 రోజులు. అంటే బొగ్గు పట్టుకున్న దాంట్లో సగం నాలుగు రోజులు తిరక్కుండానే పోతుంది. రక్తం శాంపిల్ గంట ఆలస్యమైతే నర్సులను ఫోన్‌లో నిలదీసే నేను, ఇంటి శాంపిల్‌ను కారులో వదిలేశాను.

ఇది ఇక్కడ రాసి పెట్టుకుంటున్నాను, ఎందుకంటే ఈ కవరు సంగతి మళ్లీ వస్తుందని అనిపిస్తోంది.

నవంబర్ 4, మంగళవారం

ఈసారి రెండు కిట్లు పక్కపక్కనే పెట్టాను. రెండూ దగ్గరగా వస్తే నమ్మొచ్చు. అమ్మకు ఉదయం అగరుబత్తి వెలిగించాక కిటికీ కాస్త తెరవడం అలవాటు. ఈ నాలుగు రోజులు తెరవొద్దమ్మా అంటే, దేవుడి ఎదుట అగరుబత్తి వెలిగించడమే మానేసింది. పొద్దున ఏడింటికి టేపు వేశాను. లంచ్ బ్రేక్‌లో పట్టణం పెద్ద పోస్టాఫీసులో ఇచ్చి, రసీదు తీసుకుని వచ్చాను.

నవంబర్ 12, బుధవారం

11.2, 10.8.

లీటరు గాలికి పికోక్యూరీల (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) లెక్క ఇది. 4 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే సరిచేయించాలని ఈపీఏ చెబుతుంది, 2 నుంచి 4 మధ్య ఉన్నా ఆలోచించమంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించే హద్దు దాదాపు 2.7. అమెరికా ఇళ్ల సగటు 1.3. అయోవా సగటు 8.5. మాది దానికన్నా ఎక్కువ.

అమ్మకు పికోక్యూరీ అంటే ఏం తెలుస్తుంది? ఇలా చెప్పాను: నీ గదిలో ప్రతి లీటరు గాలిలోనూ నిమిషానికి ఇరవై నాలుగు రేడాన్ అణువులు పేలుతున్నాయి. అమ్మ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "పాప కూడా నా పక్కనే పడుకుంటోంది కదా" అంది.

ఆ రాత్రే మంచం పైకి మార్చాం. హాల్లో సోఫా జరిపి అక్కడ వేశాం. నెలా రెండు నెలల్లో ఏదో అయిపోయేది కాదని, ఇది ఏళ్ల తరబడి పేరుకునే ప్రమాదమని అమ్మకు రెండు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. టెన్షన్ ఆమెకన్నా నాకే ఎక్కువగా ఉంది.

నవంబర్ 16, ఆదివారం

చర్చిలో భోజనాల తర్వాత మాట్లాడటానికి పది నిమిషాలు ఇచ్చారు. మేం ఆ చర్చికి వెళ్లం, అయినా పెద్దావిడ చెప్పిందని ఒప్పుకున్నారు. వెయ్యి మంది కూడా లేని ఊరు, అక్కడికి వచ్చినవాళ్లు యాభై మందికి పైనే.

వాట్రస్ కథతో మొదలుపెట్టాను. 1984 డిసెంబర్‌లో పెన్సిల్వేనియాలోని లిమరిక్ అణు విద్యుత్ కేంద్రంలో స్టాన్లీ వాట్రస్ అనే ఇంజినీరు ఒంటి మీది రేడియేషన్‌కు అక్కడి అలారం మోగింది. ప్లాంటు ఇంకా నడవడం లేదు, ఆ రేడియేషన్ అక్కడిదయ్యే అవకాశం లేదు. చివరికి అతని ఇంట్లో కొలిస్తే సుమారు 2,700 పికోక్యూరీలు. ఇళ్లలో రేడాన్ గురించి దేశమంతా పట్టించుకోవడం మొదలైంది అప్పటి నుంచే.

తర్వాత మన అయోవా సంగతి. అయోవా విశ్వవిద్యాలయం వాళ్లు కనీసం 20 ఏళ్లు ఒకే ఇంట్లో ఉన్న ఆడవాళ్లను ఎంచుకుని, ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చిన 413 మందినీ, రాని 614 మందినీ పోల్చి చూశారు. 2000లో ఫలితాలు వచ్చాయి. 15 ఏళ్లు 4 పికోక్యూరీల గాలిలో ఉన్నవాళ్లకు ముప్పు దాదాపు సగం పెరిగింది. ఆ అధ్యయనం ఇక్కడి ఇళ్లలో, ఇక్కడి ఆడవాళ్ల మీద జరిగిందని చెప్పినప్పుడు వెనక వరసల్లో మాటలు ఆగాయి.

కౌంటీ నర్సు ముప్పై కిట్లు ఉచితంగా ఇచ్చింది. ముప్పై పది నిమిషాల్లో అయిపోయాయి. సంతోషంగా ఇంటికి వచ్చాను.

డిసెంబర్ 6, శనివారం

మా ఇంటికి రేడాన్‌ను బయటికి లాగే ఫ్యాన్ బిగించారు. రాష్ట్రం గుర్తింపు ఉన్న మనిషినే పిలిచాం. పొద్దున ఎనిమిదికి వచ్చి మధ్యాహ్నం రెండింటికి ముగించాడు. 1,600 డాలర్లయింది.

అతను పనిచేస్తున్నంతసేపూ పక్కనే ఉన్నాను. బేస్‌మెంట్ మూలలో కాంక్రీట్ నేలకు గుండ్రంగా రంధ్రం వేసి, కింద ఉన్న కంకరను చేత్తో తోడి, బకెట్ నిండా తీశాడు. అందులోకి తెల్ల పీవీసీ పైపు దించి, గోడలోంచి బయటికి తీసి, ఇంటి పక్కగా పైకప్పు దాటేలా లేపాడు. ఫ్యాన్ బయటే, ఇంటి లోపల పెట్టకూడదు. అది రాత్రీ పగలూ నేల కింది గాలిని లాగి పైకి వదులుతుంది.

తర్వాత సంపు. మన దగ్గర సంపు అంటే మున్సిపాలిటీ నీళ్లు పట్టుకునే తొట్టి. ఇక్కడ పునాది చుట్టూ ఊరిన నీళ్లు చేరే గొయ్యి, అందులో మోటారు ఉంటుంది. మా గోతికి ఇన్నాళ్లూ మీద ఒక చెక్క పలకే. అంటే మట్టిలోంచి నేరుగా మా ఇంట్లోకి తెరిచి పెట్టిన నోరు. అతను దానికి గట్టి ప్లాస్టిక్ మూత బిగించి, అంచుల చుట్టూ సీలెంట్ పూశాడు.

పగుళ్లన్నీ నేనే పూడ్చేస్తే సరిపోదా అని నవంబర్‌లో అనుకున్నాను. సరిపోదు. చలికాలంలో ఇంట్లో వేడి గాలి పైకి లేచి పైకప్పు సందుల్లోంచి పోతుంటే, ఆ ఖాళీ నింపడానికి ఇల్లు కింద నుంచి మట్టి గాలిని పీలుస్తుంది. పది పగుళ్లు పూడిస్తే పదకొండోదాంట్లోంచి వస్తుంది. లాగే దిశను తిప్పితేనే ఫలితం.

అది తిరిగిందో లేదో చూడటానికి అమ్మ అగరుబత్తి తెచ్చింది. మెట్ల కింద నేలలో వెంట్రుకంత పగులు ఒకటి ఉంది. ఫ్యాన్ వేయకముందు దాని దగ్గర పెడితే పొగ అటూ ఇటూ ఊగుతూ పైకి వెళ్లింది. ఫ్యాన్ వేశాక, పొగ కిందికి వంగి, దారంలా సన్నబడి, ఆ పగులులోకి దిగిపోయింది. నేలలోకి పొగ! అమ్మ మూడుసార్లు వెలిగించి చూసింది. పైపు మీద యు ఆకారం గొట్టంలో ఎర్ర ద్రవం ఉంటుంది. రెండు వైపులా ఎత్తు తేడా ఉంటే ఫ్యాన్ లాగుతున్నట్టు, సమానమైతే ఆగిపోయినట్టు. రోజూ చూసే బాధ్యత అమ్మే తీసుకుంది.

డిసెంబర్ 18, గురువారం

ఫ్యాన్ వేశాక చేసిన టెస్ట్: 1.4. అమ్మ మంచం మళ్లీ కిందికి దిగింది.

జనవరి 10, శనివారం

నర్సు లెక్క చెప్పింది. ఎవరివో చెప్పలేదు, సంఖ్య మాత్రమే. ముప్పై కిట్లలో ల్యాబ్‌కు చేరినవి ఏడు.

జనవరి రేడాన్ నెల కాబట్టి ఇంకో పెట్టె పంపిస్తానంది. వద్దన్నాను. ముందు ఆ ఇరవై మూడూ ఎక్కడున్నాయో చూద్దామన్నాను.

వారం రోజులు అడుగుతూ తిరిగాను. చాలావరకు వంటింటి సొరుగుల్లో ఉన్నాయి. టేపు కూడా తీయలేదు. రెండు ఇళ్లలో డబ్బా తెరిచారు, నాలుగు రోజుల తర్వాత మరిచిపోయారు, నెలన్నరగా అల్మరా మీద తెరిచే ఉంది. ఒకచోట టెస్ట్ అంతా సరిగ్గా చేసి, కవరు ట్రక్కులో పెట్టుకున్నారు. అది చూసి నాకు నా కారు గుర్తొచ్చింది.

ఇల్లు అమ్మేటప్పుడు తెలిసిన ఫలితం చెప్పాల్సి వస్తుంది కదా, తెలియకపోతేనే నయం అని ఒకాయన మొహం మీదే అన్నాడు. ఫలితం ఎక్కువ వస్తే వెయ్యిన్నర డాలర్లు ఎక్కడ తేవాలన్నది ఇద్దరు ముగ్గురి భయం. అది నిజమైన భయం, దానికి నా దగ్గర మంచి జవాబు లేదు. కానీ ఎక్కువమందికి అభ్యంతరమేమీ లేదు. శనివారం మొదలుపెట్టి మంగళవారం ముగించి అదే రోజు పోస్టు చేయడం అనే చిన్న పని, చలికాలం పనుల్లో, ఆవుల ఈతల్లో, పిల్లల బాస్కెట్‌బాల్ ఆటల్లో ఎక్కడో జారిపోతోంది.

చర్చిలో పంచినప్పుడు ముప్పై టెస్టులు అయినట్టే అనుకున్నాను. కిట్ ఇవ్వడం వేరు, టెస్ట్ జరగడం వేరు.

జనవరి 24, శనివారం

పద్ధతి మార్చాను. అయోవాలో వేరేవాళ్ల ఇళ్లలో వృత్తిగా రేడాన్ కొలవాలంటే రాష్ట్రం గుర్తింపు ఉండాలి, నాకు లేదు. అందుకని నర్సును అడిగి మరీ ఇలా ఖరారు చేసుకున్నాం: డబ్బా తెరిచేది, పెట్టేది, మూసేది, టైము రాసేది ఇంటివాళ్లే. నేను శనివారం పొద్దున వాళ్లు తెరిచేటప్పుడు పక్కన ఉంటాను, మంగళవారం ఉదయం ఫోన్ చేస్తాను, పదకొండులోపు కవరు తీసుకుని పట్టణంలో పోస్టు చేస్తాను. శనివారానికి నాలుగు ఇళ్లు చొప్పున. పాత కిట్లలో గడువు తీరినవి పక్కన పెట్టి, నర్సు దగ్గర కొత్తవి తీసుకున్నాం.

ఈ వారం మంచు తుఫాను హెచ్చరిక ఉంది, వాయిదా వేశాం. గట్టి గాలులు వీస్తే రెండు మూడు రోజుల టెస్ట్ సరిగ్గా రాదు.

ఫిబ్రవరి 21, శనివారం

మూడు శనివారాలు, పన్నెండు ఇళ్లు, పన్నెండు కవర్లూ చేరాయి. నాతో ఫలితం పంచుకున్నవాళ్లవే ఇక్కడ రాస్తున్నాను.

ఎలివేటర్ రోడ్డులో రెండు ఇళ్లు, మధ్యలో ఒక కంచె. ఒకటి 1920ల నాటి ఇల్లు, పునాది సున్నపురాయి, సందుల్లోంచి గాలి కొడుతుంది: 3.1. రెండోది పదేళ్ల కిందట కట్టింది, ఎక్కడా సందు లేదు: 17.6. నేనైతే పాత ఇల్లే ఎక్కువ ఉంటుందని పందెం కట్టేదాన్ని. కింది మట్టి, కంకర, పునాది, ఇంట్లో గాలి కదిలే తీరు, ఇవన్నీ ఇంటింటికీ మారతాయి. కంచె అవతలి అంకె మన ఇంటికి పనికిరాదు. మ్యాపులో రంగు అసలే పనికిరాదు.

ఊరి బయట పొలంలో ఉండే పెద్దాయన ఇల్లు చివరిది. ఆయన తాత కట్టిన ఇల్లు. అరవై ఏళ్లుగా ఇక్కడే ఉన్నాను, ఏం కాలేదు అనేది ఆయన మాట. సిగరెట్ తాగుతాడు. నేను వాదించలేదు. ఈపీఏ లెక్కను మాత్రం కాగితం మీద రాసి ఇచ్చాను: 4 పికోక్యూరీల ఇంట్లో జీవితమంతా ఉంటే, పొగతాగని వెయ్యి మందిలో ఏడుగురికి ఊపిరితిత్తుల క్యాన్సర్ రావొచ్చు, పొగతాగే వెయ్యి మందిలో అరవై రెండు మందికి. ఆయన ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని కూర్చున్నాడు. తర్వాత డబ్బా టేపు తనే తీశాడు. ఆ లావు వేళ్లకు టేపు కొస దొరక్కపోతే జేబులోంచి చిన్న చాకు తీసి, ఎంతో జాగ్రత్తగా, బొగ్గు మీది జల్లెడ చిరగకుండా తీశాడు.

ఆయనది 9.7. ఇంటి సగం కింద బేస్‌మెంట్, మిగతా సగం కింద మట్టి నేలే ఉన్న మోకాలెత్తు జాగా. అలాంటి చోట మట్టి మీద మందపాటి ప్లాస్టిక్ పట్టా పరిచి, గోడలకు అతికించి, దాని కింద నుంచి గాలి లాగాలి. వేసవిలో చేయిస్తానన్నాడు. అప్పటిదాకా టీవీ కుర్చీని బేస్‌మెంట్ నుంచి పైకి మార్చుకున్నాడు.

మార్చి 1, ఆదివారం

ఒమాహా, డెమాయిన్, షికాగో శివార్లలోని మనవాళ్లతో ఫోన్‌లో మాట్లాడినప్పుడల్లా ఇదే అడుగుతున్నాను. బేస్‌మెంట్ ఫినిష్ చేయించాం, హోమ్ థియేటర్ పెట్టాం, అత్తయ్యా మామయ్యా వస్తే కిందే ఉంటారు అంటారు. ముప్పై వేల డాలర్లు పెట్టి కార్పెట్, బార్ కౌంటర్ వేయించినవాళ్లు పది డాలర్ల డబ్బా పెట్టలేదు. కోపం కాదు, నేనూ అంతే కదా. ఫోన్ పెట్టేముందు "ఈ శనివారం తెరువు, మంగళవారం నేను ఫోన్ చేస్తా" అంటున్నాను. అలా ఇద్దరు చేశారు.

మార్చి 14, శనివారం

అమ్మ ప్రయాణం ఇంకా రెండు వారాలు. ఆమె గదిలో ఈ రోజు దీర్ఘకాలం టెస్ట్ మొదలుపెట్టాం. ఇది బొగ్గు కాదు, చిన్న ప్లాస్టిక్ బిళ్ల. ఆల్ఫా కణాలు దాని మీద గీతలు పెడతాయి. మూడు నెలలు దాటాక పంపితే, ల్యాబ్‌లో క్షారంలో ఉంచి, ఆ గీతలు పెద్దవయ్యాక మైక్రోస్కోప్ కింద లెక్కపెడతారు. నాలుగు రోజుల అంకె వాతావరణాన్ని బట్టి మారుతుంది. ఇది నెలల సగటు చెబుతుంది. తారీఖు అమ్మే రాసింది, తెలుగు అంకెల్లో. కింద నేను మళ్లీ రాశాను.

సాయంత్రం పెద్దావిడ ఇంటికి వెళ్లాం. మందుల వల్ల బాగా నీరసపడింది, అమ్మ పెట్టిన రసం అన్నం రెండు ముద్దలు తింది. ఆమె కూతురు పక్క ఊళ్లోనే కొత్తగా ఇల్లు కొంది, ఇద్దరు చిన్నపిల్లలు, కింద ఆటగది. నవంబర్‌లో నేను ఇచ్చిన కిట్ కూతురి దగ్గరే ఉండిపోయిందని, దాని గడువు కూడా అయిపోయి ఉంటుందని పెద్దావిడ నాతో నెమ్మదిగా చెప్పింది. నా బ్యాగులో కొత్తది ఒకటి ఉంది. కూతురికి వీడియో కాల్ చేసి, ఎక్కడ పెట్టాలో ఆమె మంచం మీద నుంచే చెప్పింది: కిటికీ పక్కన వద్దు, బట్టల మెషీన్ గదిలో వద్దు, పిల్లలు ఆడుకునే చోటే, బల్ల మీద.

కిట్ ఈ రాత్రికి ఇచ్చి వస్తాను. మంగళవారం పదకొండుకి కవరు తీసుకోవాలి.